ప్రచారకళయు పేటల యభివృద్ధియు

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మన పెద్దల మాట. పురపాలక సంఘములును ప్రభుత్వ శాఖలును అమ్మకంటె దయగలవి కావు. మురుగుకాలువ పూడినను, వీథిదీపము వెలుగకున్నను, బాట వెడల్పు చేయుదుమని ఇంటిగోడలపై గుర్తులు వేసినను, అడిగిన పేటకొక న్యాయమును అడుగని పేటకొక న్యాయమును జరుగుచుండుట పట్టణవాసులందరు ఎరిగిన సంగతియే. ఈ యడుగుట రెండు విధములు. అర్జీ వ్రాసి కచేరీలో సమర్పించుట మొదటిది. ఆ యర్జీలోని సంగతి వేలమంది పాఠకుల కన్నులబడునట్లు పత్రికకు అందించుట రెండవది. ఈ రెండవ పనిని నేర్పుగ జేయుటకు పాశ్చాత్యదేశములందు నూరేండ్లకు పూర్వమే యొక వృత్తి యేర్పడినది. ప్రజాసంబంధముల వృత్తి యని దానికి పేరు. నేడు మన నగరములందును కంపెనీలకు, కళాశాలలకు, ఆస్పత్రులకు, స్థలములు విభజించి అమ్మువారికి ఈ వృత్తివారు కొలువున్నారు. పేటలకు మాత్రము అట్టివారు అరుదు.

కావున పేటవాసులే ఆ విద్యను కొంత నేర్చుకొనవలసియున్నది. నేర్చుకొనుటకు ముందు దాని గుణదోషములను తెలిసికొనుట యవసరము. వార్త నందించువాడు తన పేరును, తన ప్రయోజనమును దాచక అందించినచో ఈ విద్య పేటను నిలువబెట్టును. దాచి అందించినచో ఈ విద్యయే పేటను పెకలించును. ఈ మాటకు అమెరికా దేశపు చరిత్ర తగిన సాక్ష్యమిచ్చుచున్నది. ఈ వృత్తి పెరిగి పెద్దదైనది అచ్చటనే. నగరాభివృద్ధి పేరిట కొన్ని పేటలు కూలినదియు, కొన్ని పేటలు ఎదిరించి నిలిచినదియు అచ్చటనే.

తొలి నియమము

ఐవీ లీ అను నాతడు మొదట పత్రికా విలేఖరిగ పనిచేసి పిదప ఈ వృత్తిని చేపట్టెను. 1906వ సంవత్సరమున బొగ్గుగనులలో సమ్మె రేగినప్పుడు, యజమానులు తమ పక్షమును పత్రికలకు తెలుపుటకు ఆతని నియమించిరి. అప్పుడాతడు సంపాదకులకు ఒక నియమావళిని పంపెను. తమది రహస్య కార్యాలయము కాదనియు, పనియంతయు బహిరంగముగనే జరుగుననియు, తాము పంపునది ప్రకటనల విభాగమునకు చెందదగినదని సంపాదకులకు తోచినచో దానిని వాడవలదనియు, కోరిన వివరములు వెంటనే ఇత్తుమనియు, నిజానిజములు పరీక్షించుకొనుటకు తోడ్పడుదుమనియు అందలి సారాంశము. పెద్ద కంపెనీలు విలేఖరులకు తలుపులు మూసికొనుటయే మర్యాదగ నెంచుచుండిన కాలమున ఇది క్రొత్తమాట.

ఆ సంవత్సరమే అక్టోబరు 28వ తేదీన అట్లాంటిక్ సిటీ వద్ద పెన్సిల్వేనియా రైల్వేవారి బండి వంతెనపైనుండి నీటబడి 53 మంది మరణించిరి. లీ ఆ ప్రమాదమును కప్పిపుచ్చలేదు. వివరములతో ప్రకటన వ్రాసి పత్రికలకిచ్చెను. విలేఖరులను ఆ స్థలమునకు తీసికొనిపోవు నేర్పాటును చేయించెను. పత్రికా ప్రకటన యని నేడు మనము వ్యవహరించు పత్రములలో ఇదియే మొదటిదని పలువురు చెప్పుదురు. దుర్వార్తను దాచినకొలది వదంతి పెరుగును. తానే ముందు చెప్పినవానిని లోకము కొంతవరకైనను నమ్మును. ఈ సూక్ష్మమును లీ గ్రహించెను.

అయితే నియమము వ్రాసినవాడే దానిని నిలుపుకొనలేకపోయెను. 1914 ఏప్రిల్ 20వ తేదీన కొలరాడో రాష్ట్రమందలి లడ్లో యను చోట, సమ్మెచేయు గనికార్మికుల గుడారములపై సాయుధభటులు కాల్పులు జరిపిరి. గుడారములు తగులబడి స్త్రీలును పసిబిడ్డలును మరణించిరి. అటుపిమ్మట రాక్‌ఫెల్లరు పక్షమున లీ వెలువరించిన కరపత్రములలో కార్మికనాయకుల జీతములను గూర్చి యిచ్చిన అంకెలు తప్పని తేలెను. గనుల యజమానులిచ్చిన సంగతులను తాను స్వయముగ పరీక్షింపలేదని విచారణసంఘము నెదుట ఆతడే ఒప్పుకొనవలసివచ్చెను. ఎనిమిదేండ్ల క్రిందట సంపాదకులకు తాను చేసిన వాగ్దానమునకు అంతటితో నీళ్లు వదలినట్లయ్యెను. పరీక్షింపని అంకెను పత్రిక చేతికిచ్చువాడు ఆ పత్రికను తన యబద్ధములో భాగస్వామిని చేయుచున్నాడు. పేటవాసులు మొదట నేర్వవలసిన పాఠమిది.

ఒకే మనుష్యుడు, రెండు మార్గములు

ఈ వృత్తికి శాస్త్రరూపము కల్పింపజూచినవాడు ఎడ్వర్డు బెర్నేస్. ఈతడు 1891లో వియన్నా నగరమున జన్మించి, పసితనముననే అమెరికా చేరెను. మనశ్శాస్త్రవేత్తయగు సిగ్మండు ఫ్రాయిడునకు మేనల్లుడు. 1923లోను 1928లోను ఈతడు ప్రకటించిన గ్రంథములు ప్రచారకళకు మూలగ్రంథములని పేరుగాంచినవి. పత్రికల వాకిట నిలిచి "మా సంగతి వ్రాయుడు" అని వేడుకొనుట అల్పుని పని యనియు, పత్రికలు తామై పరుగెత్తివచ్చి వ్రాయదగిన సంఘటనను కల్పించుటయే నేర్పరి పని యనియు ఈతని సిద్ధాంతము.

ఆ సిద్ధాంతమును ఈతడు ప్రయోగించిన తీరు లోకప్రసిద్ధము. 1929 మార్చి 31వ తేదీన ఈస్టరు పండుగనాడు న్యూయార్కు నగరపు ఫిఫ్త్ అవెన్యూలో కొందరు యువతులు బహిరంగముగ సిగరెట్లు కాల్చుచు నడచిరి. స్త్రీలు వీథిలో పొగత్రాగుట ఆనాటి సమాజమున నిషిద్ధము. వారి చేతులలోనివి సిగరెట్లు గావు, స్వాతంత్ర్యజ్యోతులని పత్రికలకు చెప్పబడెను. స్త్రీస్వాతంత్ర్య సంఘటనగ ఆ వార్త దేశమంతట అచ్చయ్యెను. ఆ వెనుక నున్నది అమెరికన్ టొబాకో కంపెనీ సొమ్మని పాఠకునికెవ్వరును చెప్పలేదు. ఆ యువతులు నడచుట నిజము. పత్రికలు వ్రాసినదియు నిజమే. ఎవరి ప్రయోజనమునకై నడచిరను ఒక్క సంగతిమాత్రము దాగెను. ఆ దాగిన సంగతియే వార్తయందలి ప్రాణము.

ఈ బెర్నేసే ముప్పది సంవత్సరములు గడచిన పిదప, తన వార్ధక్యమున, మసాచుసెట్సు రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణమునకు వచ్చి స్థిరపడెను. ఆ పట్టణమున చార్లెసు నది యొడ్డున మెమోరియల్ డ్రైవ్ అను బాట కలదు. దాని కిరుప్రక్కల సికమోరు మహావృక్షములు వరుసలు దీరియుండును. 1960లలో అధికారులు మోటారుబండ్లు నిలువక సాగిపోవుటకై కూడళ్లవద్ద నేలక్రింది దారులు త్రవ్వదలచిరి. అట్లు చేసిన అనేక వృక్షములు నేలగూలును. పేటవాసులు ఆందోళన చెందిరి. ఆ బాటను కాపాడుటకు అత్యవసర సంఘమొకటి యేర్పడినది. బెర్నేసు స్వయముగ దానికి నాయకత్వము వహించెను. ఈసారి పరాయి సొమ్ము లేదు, మారుపేరు లేదు. ఎవరికొరకు మాటాడుచున్నాడో, ఏల మాటాడుచున్నాడో పట్టణమునకంతకును తెలిసియే యుండెను. ఆ దారులు త్రవ్వబడలేదు. సికమోరులు నేటికిని ఆ నదితీరమున నీడనిచ్చుచున్నవి. 1970లనుండి ఏటేట కొన్ని మాసములపాటు ఆదివారములందు ఆ బాటలో కొంతభాగమును మోటారుబండ్లకు మూసి, నడచువారికిని పిల్లలకును విడుచుచున్నారు.

విద్య ఒక్కటే, మనుష్యుడును ఒక్కడే. 1929లో సంఘటన వెనుక దాగి ఒక దుర్వ్యసనమును దేశమునకంటగట్టెను. 1960లలో సంఘము ముందు నిలిచి ఒక పేటకు నీడ మిగిల్చెను. ప్రచారకళ మంచిదా చెడ్డదా యని వాదించువారు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచుట మేలు.

నోరులేని పేట

ఇక న్యూయార్కు నగరమునకు వత్తము. అచ్చట రాబర్టు మోజెసు అను అధికారి కొన్ని దశాబ్దములపాటు ఉద్యానములను, వంతెనలను, రహదారులను నిర్మించెను. ఎన్నికలలో ప్రజలచే ఏ పదవికిని ఎన్నుకొనబడకయే ఆ నగరస్వరూపమును మార్చినవాడాతడు. పత్రికలను మెప్పించుటలోను ఆతనికాతడే సాటి. తన పథకములను రంగుల పుస్తకములుగ అచ్చువేయించి పంచుచు, పత్రికాధిపతుల స్నేహము సంపాదించి, తన్నెదిరించినవారిని అభివృద్ధినిరోధకులని నిందించుచుండెను.

1952 డిసెంబరులో బ్రాంక్సు భాగమందలి ఈస్టు ట్రెమాంటు పేటలోని కుటుంబములకు ఉత్తరములు వచ్చినవి. క్రాస్ బ్రాంక్సు రహదారికై ఇండ్లు తీసికొనబడుననియు, 90 దినములలో ఖాళీ చేయవలెననియు వాని సారాంశము. ఒక్క మైలు పొడవున సుమారు 1,500 కుటుంబములు ఇల్లు విడువవలసియుండెను. ఆ పేటవారు సామాన్యులు. చేతిపనులు చేసికొని బ్రతుకువారు. ఉద్యానపు అంచున కొద్దిదూరము బాటను జరిపినచో మిక్కిలి కొద్ది ఇండ్లు మాత్రమే పోవునని వారు నిపుణులచే పటములు గీయించి చూపిరి. వారి వాదము బలమైనది. కాని ఆ వాదము నగరమున వినబడలేదు. ఆ గృహిణులు సభలు జరిపిరి, బస్సులలో నగరమందిరమునకు పోయి మొరపెట్టుకొనిరి. పెద్ద పత్రికలు వారి మొరకు చాలినంత చోటీయలేదు. రహదారి అనుకొన్న చోటనే పడినది. పేట చెదరిపోయెను. ఈ కథ అంతయు ఇరువది యేండ్ల పిదప, 1974లో, రాబర్టు కారో అను రచయిత మోజెసు జీవితచరిత్ర ప్రకటించినప్పుడుగాని దేశమునకు తెలియలేదు. ఆ గ్రంథమునకు మరుసటియేడు పులిట్జరు బహుమానము లభించినది. కాని ఇండ్లు కూలిన పిదప వెలువడిన సత్యము చరిత్రకుపకరించునేగాని, ఇల్లు పోయిన కుటుంబమునకు పైకప్పు కాజాలదు.

నోరుగల పేట

అదే నగరమున, అదే అధికారి నెదిరించి, గ్రీనిచ్ విలేజి అను పేట నిలిచినది. అచ్చటి వాషింగ్టను స్క్వేరు ఉద్యానము నడుమనుండి బాట వేయుటకు మోజెసు 1952లో పథకము వేసెను. షర్లీ హేసు అను గృహిణి మొదట ప్రతిఘటించెను. వాస్తుపత్రికలో రచయిత్రిగ పనిచేయుచుండిన జేన్ జేకబ్సు పిదప ఆమెకు తోడయ్యెను. 1955లో ఆ పేటలోనే పుట్టిన విలేజి వాయిసు అను వారపత్రిక వారికి బాసటగ నిలిచెను.

వారు అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ఉద్యానమును శాశ్వతముగ మూయుడని వారు మొదటనే పట్టుబట్టలేదు. కొంతకాలము పరీక్షగ మోటారుబండ్లను ఆపి చూడుడని కోరిరి. చుట్టుప్రక్కల వీథులు బండ్లతో నిండిపోవునని ప్రభుత్వపక్షము హెచ్చరించెను. 1958లో పరీక్ష జరిగెను. ఆ విపత్తు సంభవింపలేదు. వాదముకంటె అనుభవము బలమైనది. అనుభవమును కాదని వ్రాయగల పత్రిక యుండదు. ఆ సందర్భమున జరిపిన ఉత్సవమును చూడుడు. క్రొత్తబాట తెరచునప్పుడు పట్టుదారమును కత్తిరించుట లోకాచారము. విలేజివారు బాట మూసిరి గనుక పట్టుదారమును కట్టిరి. జేకబ్సు చిన్నారి కుమార్తె ఆ దారమును పట్టుకొని నిలిచిన చిత్రము పత్రికలలో వెలువడెను. పుటలకొలది వ్యాసము చెప్పలేనిదానిని ఆ యొక్క చిత్రము చెప్పినది. సంఘటనను కల్పించు బెర్నేసు విద్యయే ఇది. ఇందు దాగినవారుమాత్రము లేరు.

1961 ఫిబ్రవరిలో ఆ పేటకు మరియొక గండము వచ్చెను. పేట పడమటిభాగమందలి 14 వీథిఖండములు జీర్ణించినవనియు, పునర్నిర్మాణమునకు పరిశీలింపవలెననియు నగరాధికారులు నిర్ణయించిరి. పేటవారు వెంటనే సంఘముగ నేర్పడి ఇల్లిల్లు తిరిగి లెక్కలు వ్రాసికొనిరి. ఏ యింట ఎందరున్నారు, ఇల్లెట్లున్నది, అద్దె యెంత యని తామే విచారించి, జీర్ణించినవను మాట నిలువదని పత్రికలకు చూపిరి. కూల్చదలచిన ఇండ్ల కిటికీలపై తెల్లని అడ్డగీతల గుర్తు వేయుట ఆ నగరపు వాడుక. పేటవారు తమ నల్లకండ్లద్దములపై తెల్లని పట్టీలతో ఆ గుర్తునే అతికించుకొని నగరసభకు పోయిరి. ఛాయాచిత్రకారులకు అంతకంటె కావలసినదేమి?

ఈ పోరాటమున బయల్పడిన యొక సంగతి మనకు ముఖ్యము. పునర్నిర్మాణము కావలెనని కోరుచు స్థానికుల పేరిట ఒక సంఘము వెలసెను. మధ్యతరగతివారికి ఇండ్లు కావలెనను మంచిమాటయే దాని నినాదము. కాని ఆ సంఘపు కాగితములును, ఆ పనిలో లాభమాశించు నిర్మాణకంపెనీ కాగితములును ఒకే టైపురైటరుపై కొట్టబడినవని జేకబ్సు పక్షమువారు అక్షరముల పోలికనుబట్టి కనిపెట్టి పత్రికలయెదుట ఆరోపించిరి. ప్రజల కంఠమని వినిపించినది గుత్తదారుని కంఠమేమో యను సందేహము నగరమంతట వ్యాపించెను. 1962 ప్రారంభమున నగరప్రణాళికా సంఘము ఆ పేటపై వేసిన జీర్ణముద్రను తొలగించెను. ఐవీ లీ 1906లో సంపాదకులకు వ్రాసిన మొదటిమాటనే ఈ టైపురైటరు మరల జ్ఞాపకముచేసినది: రహస్యముగ జరుపు ప్రచారము బయల్పడిననాడు, దాని వెంటనున్న మంచిమాటయు చెడిపోవును.

ఎదిరించుటయు కట్టుటయు

వలదనుట సులభము, కావలసినదేదో చెప్పుట కష్టమని అధికారులు తరచు పరిహసింతురు. విలేజివారు ఆ పరిహాసమునకును ఉత్తరమిచ్చిరి. ఒక్క మనుష్యునిగాని, ఒక్క పిచ్చుకనుగాని ఇల్లు వెడలింపక క్రొత్త ఇండ్లు కట్టవచ్చునని 1963లో తామే యొక ప్రణాళికను ప్రకటించిరి. ఖాళీస్థలములలో ఐదంతస్తుల చిన్న భవనములు కట్టుట అందలి సారాంశము. అధికారులు సంవత్సరములకొలది జాప్యముచేసిరి. ఎట్టకేలకు 1970ల మధ్యమున 42 భవనములు, అందు 420 కుటుంబములకు నివాసములు పూర్తియైనవి. కావున పత్రికకు పోవు పేటసంఘము ఫిర్యాదుతోబాటు పరిహారమును గూడ వెంటగొనిపోవలెను. ఫిర్యాదు ఒకనాటి వార్త. పరిహారమును చూపిన ఫిర్యాదునకు అధికారి ఉత్తరమీయక తప్పదు.

అయినను ఈ విజయమును పూర్తి విజయమనుట సత్యము గాదు. ఇండ్లు నిలిచినవి, కాని కాలక్రమమున ఆ పేట అమెరికాలోనే మిక్కిలి ఖరీదైన పేటలలో ఒకటయ్యెను. జేకబ్సు కాలమున అచ్చట నివసించిన ఓడరేవు కూలీలవంటివారు నేడచ్చట అద్దె చెల్లింపజాలరు. ఇటుకలను కాపాడిన ప్రచారము అద్దెలను కాపాడలేదు. మరియొక దోషమును కలదు. విద్యావంతులును, రచయితలును నివసించిన గ్రీనిచ్ విలేజి గెలిచెను. శ్రమజీవులు నివసించిన ఈస్టు ట్రెమాంటు ఓడెను. మాటనేర్పు గల పేట తన భారమును తప్పించుకొన్నప్పుడు ఆ భారము మాటనేర్పులేని పేటపై బడుచుండును. హైదరాబాదు నగరపు చెత్త చిరకాలముగ జవాహర్‌నగరమునకు చేరుచుండుటయు, అచ్చటి నివాసులు దుర్వాసనచేతను, చెడిన నీటిచేతను బాధపడుచు మొరపెట్టుకొనుటయు మనమెరుగుదుము. సంపన్నుల వీథులలో చెత్తదిబ్బ వేయుటకు ఏ యధికారియు సాహసింపడు. కావున తనకొరకు నోరు విప్పు పేట, తన బరువు ఏ పేటపై దిగునోయని యొక్కక్షణ మాలోచింపవలెను.

మన పట్టణములు

ప్రచారవిద్య మనకు క్రొత్తది గాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి ప్రచారము చేసిరి. సీసాపై పేరుండెను, పంచువారి ప్రయోజనము అందరకు తెలిసియుండెను. ఆ వ్యాపారమున గడించిన ధనముతోనే 1908లో ఆంధ్రపత్రికను వెలయించిరి. ప్రచారము మర్యాదతో నుండవచ్చుననుటకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము మనకు వలదు.

నేడు మన పత్రికలలో పేటవార్తకు చోటులేదనుటకును వీలులేదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున ఆరంభమైన ఈనాడు పత్రిక జిల్లావార్తలకు ప్రాధాన్యమిచ్చి, క్రమముగ జిల్లాకొక అనుబంధమును వెలువరించెను. తక్కిన పత్రికలును ఆ మార్గమునే త్రొక్కినవి. మండలములందును పట్టణములందును విలేఖరులు గలరు. ఒకప్పుడు మదరాసునుండియో విజయవాడనుండియో వచ్చు పత్రికలో మన వీథిపేరు కనబడుట అపూర్వము, ఇప్పుడది నిత్యకృత్యము. కాని ఈ పుటలనే ఆశ్రయించి డబ్బిచ్చి వేయించు వార్తయను చీడ పెరిగినది. 2009 ఎన్నికలలో ఈ దురాచారము ఎట్లు ప్రబలెనో విచారించుటకు ప్రెస్ కౌన్సిలు నియమించిన ఉపసంఘములో తెలుగు పత్రికారచయిత కె. శ్రీనివాసరెడ్డిగారు ఒక సభ్యులు. 2010లో ఆ విచారణ ఫలితము వెలువడినది. స్థలములమ్మువాడు సొమ్మిచ్చి వేయించుకొన్న పొగడ్త అభివృద్ధివార్త వేషమున వెలువడినచో, పాఠకుడు నమ్మి కొనిన స్థలము చెరువుభూమియని తేలిననాడు ఆతనికెవ్వరు దిక్కు?

భూములుగలవారికి కామారెడ్డి ఒక పాఠము. ఆ పట్టణపు ప్రణాళికాచిత్తులో పంటభూములను పరిశ్రమల ప్రాంతముగ చూపిరని 2023 జనవరిలో రైతులు తీవ్రముగ ఆందోళన చేసిరి. కలతచెందిన యొక రైతు ప్రాణములు తీసికొన్నట్లు పత్రికలు వ్రాసినవి. ఆ నెలలోనే పురపాలక సంఘము ఆ చిత్తును రద్దుచేయుటకు తీర్మానించెను. జగిత్యాలలోను ఇట్టి తీర్మానమే జరిగినది. రైతులు గెలిచిరి; కాని కచేరీ గోడమీది పటములోని రంగులు తన పొలమునకేమి చేయునో ప్రతి రైతునకు ముందే తెలుగుభాషలో, సర్వే నెంబరుతోసహా తెలిపియుండినచో అంత కలత పుట్టకనే పోయెడిది గదా. ఇట్లు ముందే చెప్పుట ప్రభుత్వపు ప్రజాసంబంధాధికారి ధర్మము. పథకమును పొగడుట మాత్రమే తన పనియని యాతడు తలంచుచున్నచో, ఐవీ లీ నియమమునందలి మొదటి యక్షరమును ఆతడు చదువలేదన్నమాట.

చట్టము మనకు కొన్ని సాధనముల నిచ్చియే యున్నది. 1992లో ఆమోదింపబడిన 74వ రాజ్యాంగసవరణ ననుసరించి, మూడు లక్షలును అంతకు మించియు జనసంఖ్యగల పురపాలకములందు వార్డు సంఘములుండవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టములోని నాలుగవ విభాగము, ఎవ్వరడుగకున్నను ప్రభుత్వ కార్యాలయములు తమ ముఖ్యనిర్ణయములకు సంబంధించిన సంగతులను తామే ప్రకటింపవలెనని శాసించుచున్నది. ఈ రెంటిని వాడుకొనని పేట పత్రికను నిందించుట తగదు.

పత్రికకు పోవు పేటవారికి ఈ చరిత్రనుండి తేలిన పద్ధతి సులభమైనది. కాగితము పైభాగమున సంఘము పేరును, సభ్యులెవరో, వారికి ఆ విషయమున స్వంతలాభమేమైన నున్నచో అదియు వ్రాయవలెను. అంకెలను తామే వీథివీథి తిరిగి లెక్కించి, రెండుమారులు సరిచూచి ఇయ్యవలెను. "మా పేటలో సౌకర్యములు లేవు" అనుట వార్త గాదు. ఫలానా వీథిలో ఇన్ని ఇండ్లకు ఇన్ని దినములుగ నీరు రాలేదనుట వార్త. అధికారి చెప్పు ఉత్తరమును దాచక దానిని గూడ జతపరచవలెను. దాచినచో విలేఖరి దానిని రేపు కనిపెట్టును, ఎల్లుండి మన మాటను నమ్మడు. వార్త ఏ గడువునకు ముందు వెలువడిన ఉపయోగమో ఆ గడువును మొదటి పంక్తిలోనే తెలుపవలెను. అభ్యంతరములు స్వీకరించు తేదీ దాటినపిదప వెలువడిన వార్త ఊరేగింపు వెళ్లినపిదప వెలిగించిన దివిటీవంటిది. విలేఖరికి విందులు, కానుకలు వలదు. వీథిలో ఆతనితోబాటు ఒకసారి నడచినచాలును.

పత్రికలకును ధర్మమొకటి కలదు. చక్కగ వ్రాసి అందించువాని వార్తయే అచ్చగుచుండినచో, పత్రిక చదువరుల పేటలకే న్యాయము జరుగును. కాగితము వ్రాయలేని పేటకు విలేఖరి తానే పోవలెను. ఈస్టు ట్రెమాంటు గృహిణుల మొర 1952లోనే పెద్ద అక్షరములతో వెలువడియుండినచో, ఆ బాట కొద్దిదూరము జరిగెడిదేమో. అప్పటి మౌనమునకు ఏ సంపాదకుడును ఉత్తరమీయలేదు. ఆ కుటుంబములుమాత్రము మూటలు గట్టుకొని పోయినవి.

నోరు మంచిదైన ఊరు మంచిదగునను సామెతను ఇరుగుపొరుగుల మర్యాదకే మనము వాడుచున్నాము. పట్టణపాలనమునకును అది చెల్లును. మంచినోరనగా తీయని నోరు మాత్రమే కాదు. పేరు చెప్పి, నిజము చెప్పి, అవసరమైన దినముననే చెప్పు నోరు. అట్టి నోరు ప్రతి పేటకును కలిగిననాడు, అభివృద్ధి యను మాట వినగానే గుండె గుభేలుమను దుస్థితి మన పట్టణములనుండి తొలగును.